రెండు శాసనములు

శ్రీముఖలింగములో మధుకేశ్వరుని కోవెలయందు గాంగరాజుల నాటి శాసనము లనేకము గలవు. అఖండదీపమునకై యెవరేమి యిచ్చిరో వానిలో చెక్కియున్నది. మావారు వాని యర్థమును బడిపిల్లలకు చెప్పుచుండగా నెన్నిమారులో వింటిని. అమరమును రఘువంశమును తండ్రిగారియొద్ద చదివితిని గాని, ఆ కోవెలనుగూర్చి మరియొక శాసనము కలదని మొన్న మొన్నటివరకు నెరుగనైతిని.

మాది కోవెలకు కూతవేటు దూరమున నున్న పాత పెంకుటిల్లు. అత్తగారికి మోకాళ్ళనొప్పులు ముదిరినందున పెరటివైపున నొక గది వేయింప దలచితిమి. ఎరిగిన మేస్త్రియే గదా యని కాగితము వ్రాసికొనక, 30,000 రూపాయలు బయానా యిచ్చితిమి. పునాది త్రవ్విన మూడవనాడు మావారి మిత్రులొకరు వచ్చి, "ఇచట క్రొత్త కట్టడము కూడదే!" యనిరి.

విచారింపగా తెలిసిన దిది. ప్రాచీన స్మారకముల రక్షణకై 1958లో చేసిన చట్టమును 2010లో సవరించిరి. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న స్మారకముల హద్దునుండి 100 మీటర్లలోపల క్రొత్త కట్టడము నిషిద్ధము. మా కోవెల యట్టిదే. అటుపై మరి 200 మీటర్లలో అనుమతి పొంది కట్టుకొనవచ్చును. నిషిద్ధప్రదేశములో 1992 జూన్ 16వ తేదీకి ముందునుండి యున్న యిల్లు బాగుచేసికొనుటకును అనుమతి కావలెను. మీరినవారికి రెండేండ్లవరకు చెరయో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో ఆ సవరణ విధించినది.

త్రవ్విన గోతిని పూడ్పించితిమి. పిమ్మట బయానా మాట వచ్చినది. మేస్త్రి చేతులు కట్టుకొని, "ఇటికలు కొనేసినాను తల్లీ, కూలోళ్ళకి ఇచ్చేసినాను. ఎక్కడినుంచి తెత్తును?" అనెను.

మావారు 1872 నాటి ఒప్పందముల చట్టమును తెచ్చి చదివిరి. ఒప్పందము చెల్లదని బయటపడినచో, దానివలన పొందినదానిని తిరిగి యీయవలెనని 65వ సెక్షను. చేయరాని పనియని యెరిగియో, తగు జాగ్రత్తతో నెరుగదగియుండియో మాట యిచ్చినవాడు, ఎరుగని యెదుటివారి నష్టమును తీర్చవలెనని 56వ సెక్షను.

"అయితే తప్పు మేస్త్రిదే" యని అత్తగారనిరి. నాకు నోరు రాలేదు. రక్షిత స్మారకమను ఫలకము ముందునుండి నిత్యము గుడికి పోవు నేను చదువనిదానిని, అతడు చదువలేదని యెట్లు నిందింతును?

కడకు కూలి మేము భరించితిమి. ఇటుకలు మేమే యుంచుకొంటిమి. మిగిలిన రొక్కమును అతడు రెండు వాయిదాలలో నిచ్చెను. బీటలువారిన వంటింటి గోడ మరమ్మతునకు దరఖాస్తు పెట్టితిమి. అనుమతి వచ్చువరకు ఇటుకలు పెరటిలోనే యుండును. అత్తగారికి నడిమిగదిని సర్ది యిచ్చితిమి.

అమ్మలారా! ఇల్లు కట్టింప దలచినచో ముహూర్తమునకు ముందు కొలత చూడుడు. బయానాకు ముందు కాగితము వ్రాయించుడు. అనుమతి యెవరు తేవలెనో, రానిచో నష్ట మెవరెంత భరింపవలెనో అందులో నుండవలెను. అది మేస్త్రిపై అనుమానము గాదు. అతని కూలివాండ్ర గంజికిని అదియే రక్ష. గుడిదీపపు టేర్పాటును సయితము రాతిపై చెక్కించిన యూరిలో కాపురముండి, నేనొక్క కాగితము వ్రాయింపనైతిని.