ఉప్పు మడుల నుంచి కొండ కిందికి… గుణుపూర్ రైలు

పలాస జీడిపప్పు తెలియని వంటిల్లు మనలో ఎవరికుంది చెప్పండి! ఆ పలాసకి దగ్గర్లోనే, శ్రీకాకుళం జిల్లాలో, నౌపడా అని ఓ స్టేషనుంది. చుట్టూ ఉప్పు మడులు. హౌరా లైనులో పోయే పెద్ద బళ్లు చాలామటుకు అక్కడ ఆగవు. కానీ తూర్పు కనుమల పక్కకి తిరిగే గుణుపూర్ లైను మొదలయ్యేది అక్కడే. మొత్తం 90 కిలోమీటర్లు.

ఈ లైను వేయించింది పర్లాకిమిడి రాజావారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది. 1931 నాటికి గుణుపూర్ చేరింది. పట్టాల మధ్య వెడల్పు ఎంతనుకుంటున్నారు? రెండున్నర అడుగులే! మన వంటింటి గుమ్మమంత. దానిమీద బుల్లి పెట్టెలు, బుల్లి ఇంజను, తాపీ నడక.

టెక్కలి దాటాక కొండలు దగ్గరపడతాయి. పాతపట్నం వచ్చిందంటే ఆంధ్రా అయిపోవచ్చినట్టే, పక్కనున్న పర్లాకిమిడి ఒడిశాలోది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత అది. అంతకుముందు రెండూ మద్రాసు రాష్ట్రంలోవే. గీత పడ్డా పెళ్లి సంబంధాలు ఆగుతాయా? పుట్టిల్లు ఇటు, అత్తిల్లు అటు అయిన ఆడపిల్లలకి ఈ బండే దారి. పర్లాకిమిడి బజార్లో ఇప్పటికీ తెలుగులో బేరమాడుకోవచ్చు.

ఆ గీత బాధ బాగా తెలిసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మీరూ నేనూ ఈ పేజీలో మాట్లాడుకుంటున్న వాడుక తెలుగు కోసం పోరాడింది ఆయనే కదా! 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని, ఆ భాష వచ్చినతన్ని ఇంట్లోనే పెట్టుకున్నారు. (ఆ ఇంటి ఇల్లాలి ఓర్పు గురించి ఎవరూ రాయలేదు!) సవర పిల్లలకి సొంత డబ్బుతో బళ్లు నడిపారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేసరికి, అన్నేళ్లున్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

రాజావారి చిన్న రైలు 2004లో ఆగింది, పెద్ద పట్టాలు వేయడానికి. పర్లాకిమిడి దాకా 2010లోనూ, గుణుపూర్ దాకా 2011లోనూ మళ్లీ బండి వచ్చింది. అన్నేళ్లూ చంటిపిల్లలతో, మూటలతో బస్సులు పట్టుకున్న ఆడవాళ్ల అవస్థ ఊహించుకోండి. చిన్న బండి అందం పోయిందని బెంగపడే పెద్దలున్నారు. నిజమే కానీ, పురిటికి వెళ్లే పిల్లకి అందంకన్నా వేళకి చేరడం ముఖ్యం కదండీ.

వానలు వెనకబట్టాక వెళ్లండి. పర్లాకిమిడి దాటాక వంశధార లోయలో పచ్చదనం కళ్లకి పండగే. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరు, ఓ పూట ఆగి చూడండి. ఈ లైనులో బళ్లు తక్కువ. దిగగానే తిరుగు బండి ఎప్పుడో స్టేషన్లో కనుక్కోండి. పులిహోర, మంచినీళ్లు మాత్రం ఇంటినుంచే పట్టుకెళ్లండి.