సంచీ పట్టుకుని ఒక్కదాన్నే... ఎర్రగడ్డ రైతుబజారుకి!

యాత్ర అనగానే మనకి తిరుపతి, శ్రీశైలం, షిర్డీ గుర్తొస్తాయి. లేకపోతే వేసవి సెలవుల్లో పిల్లలతో ఊటీ. ఎక్కడికైనా సరే, మనం ఒక్కళ్ళం మాత్రం వెళ్ళం. పులిహోర డబ్బా, మందుల సంచీ, పిల్లల బట్టలు, పెద్దవాళ్ల స్వెట్టర్లు అన్నీ సర్దుకుని అందరి వెనకాలా నడిచేది మనమే. "నాకు ఇక్కడ కాసేపు నిలబడాలని ఉంది" అని ఏ ఊళ్ళోనైనా నోరు తెరిచి అన్నామా, చెప్పండి?

అందుకే ఈ వారం మీకో చాలా చిన్న యాత్ర గురించి చెబుతాను. దీనికి సెలవు పెట్టక్కర్లేదు, హోటల్ గది అక్కర్లేదు. పొద్దున్న టిఫిన్లు, క్యారియర్లు అయ్యాక బయల్దేరితే మధ్యాహ్నం వంటకి ఇంట్లో ఉంటాం. షరతు ఒక్కటే: ఒక్కళ్ళమే వెళ్ళాలి.

మేముండేది హఫీజ్‌పేట్‌లో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైటెక్ సిటీ చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ మారిపోయాయి కదా, మా పేట కూడా అలాగే మారింది. ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. కరివేపాకు రెబ్బ కావాలన్నా ఫోన్‌లో నొక్కితే కుర్రాడు బండి మీద తెచ్చి గుమ్మంలో పెడతాడు. నేను దాన్ని తప్పు పట్టను. పాలు విరిగిన రోజున అంతకంటే దేవుడు లేడు. కానీ కాయని చేత్తో పట్టుకుని, తొడిమ చూసి, గోరుతో గిచ్చి ఏరుకోవడం మన అమ్మలు మనకి నేర్పిన విద్య. వాడకపోతే ఆ విద్య మన చేతుల్లోంచి పోతుంది, మన పిల్లలకి అసలు రానే రాదు.

నా సంగతి వేరు. పెళ్ళైన ఇరవై ఏళ్ళూ మావారి స్కూటర్ వెనకాల కూర్చుని కూరలకి వెళ్ళేదాన్ని. బేరం ఆయనది, సంచీ నాది. రెండేళ్ళ క్రితం ఆయనకి మోకాలికి ఆపరేషన్ అయి నెలన్నర బండి తియ్యొద్దన్నారు డాక్టరు గారు. "ఫోన్‌లో తెప్పించుకోమ్మా" అంది మా అమ్మాయి. నాకెందుకో ఆ రోజు బయటికి వెళ్ళాలనిపించింది. నలభై దాటాక, ఉన్న ఊళ్ళో ఒక్కదాన్నీ రైలెక్కడం అదే మొదటిసారి!

హఫీజ్‌పేట్‌లో ఎం.ఎం.టి.ఎస్. స్టేషన్ ఉంది. ఈ లోకల్ రైళ్ళు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. లింగంపల్లి వైపు నుంచి వచ్చే రైలు నాంపల్లికి వెళ్ళేదైనా, సికింద్రాబాద్‌కి వెళ్ళేదైనా, ఫలక్‌నుమాకి వెళ్ళేదైనా మనకి పనికొస్తుంది. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది. హైటెక్ సిటీ, బోరబండ, మూడోది భరత్‌నగర్. అక్కడ దిగి "రైతుబజారు ఎటు?" అంటే ఎవరైనా చూపిస్తారు, నడిచిపోవచ్చు. ఒక్కోసారి రైలుకీ రైలుకీ మధ్య చాలాసేపు ఉంటుంది, వేళలు ముందే చూసుకోండి. మెట్రో కావాలంటే మియాపూర్‌లో ఎక్కి భరత్‌నగర్‌లోనో ఎర్రగడ్డలోనో దిగొచ్చు. బస్సయితే ఇంకా మేలు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. కూకట్‌పల్లి వైపు వాళ్ళకి కె.పి.హెచ్.బి.లోనూ రైతుబజారు ఉంది.

రైతుబజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. అంతకు ముందే 1987లో పంజాబ్‌లో 'అప్నీ మండీ' పేరుతో ఇలాంటివి పెట్టారు. మన తర్వాత అదే ఏడాది నవంబరులో తమిళనాడు వాళ్ళు మదురైలో 'ఉళవర్ సందై' తెరిచారు. అన్నిటి ఉద్దేశమూ ఒకటే. దళారి లేకుండా పండించిన మనిషే తెచ్చి అమ్మాలి. రైతుకి గుర్తింపు కార్డు ఇస్తారు. బజారు చూసుకోవడానికి ఎస్టేట్ ఆఫీసరు ఉంటారు. ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. అది హోల్‌సేల్ ధర కంటే కాస్త ఎక్కువగా, బయట చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా చూస్తారు. రైతుకి నాలుగు డబ్బులు మిగలాలి, మనకి నాలుగు తగ్గాలి. అదీ లెక్క.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఈ బోర్డు పెద్ద ధైర్యం. బేరం రాదని బెంగ అక్కర్లేదు. లోపలికి వెళ్ళగానే బోర్డు ముందు నిలబడి మీకు కావాల్సినవి చూసుకోండి. తర్వాత ఏమీ కొనకుండా ఒక చుట్టు చుట్టి రండి. ఒకే ధరకి ఎవరి దగ్గర సరుకు బాగుందో అప్పుడు తెలుస్తుంది. స్కూటర్ దగ్గర ఎవరూ ఎదురు చూడటం లేదు కదా, తొందరెందుకు?

నాకు బాగా నచ్చింది ఆకుకూరల వరస. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతికూర, గోంగూర కట్టలు పేర్చుకుని కూర్చుంటారు. మాది తెనాలి వైపు. బంగాళాదుంపని ఆలుగడ్డ అనీ, గోరుచిక్కుడుని గోకరకాయ అనీ, మొక్కజొన్న పొత్తుల్ని మక్కబుట్టలనీ నేను నేర్చుకున్నది ఈ వరసల్లోనే. మా గంగపాయల కూర ఇక్కడ గంగవాయిలి. కూర ఒకటే, పిలుపే వేరు.

ఆ మొదటి రోజు ఓ రైతు ఆవిడ నన్ను చూసి, "ఒక్కదానివే వచ్చినవా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. "నేను గూడ ఒక్కదాన్నే వస్త. పదేండ్లాయె. రాత్రి రెండింటికే లేసి, కట్టలు గట్టి, ఆటోల ఏస్కొని వస్త" అంది, కట్టల మీద నీళ్ళు చల్లుతూనే. పగటిపూట మూడు స్టేషన్లు వచ్చినందుకే నా గుండె దడదడలాడింది, మరి ఈవిడో! ఆ మాట విన్నాక నాకు మళ్ళీ భయం వెయ్యలేదు.

పక్కనే కాకరకాయలు లేతగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి. నాకు ప్రాణం. మా ఇంట్లో మరెవరూ తినరు. అందుకని వండటమే మానేసి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. "ఎవరికోసం?" అని మామూలుగా వచ్చే ప్రశ్న ఆ రోజూ వచ్చింది. "నాకోసమే" అనుకుని అరకిలో తూయించుకున్నాను. ఇంటికొచ్చి ఉల్లికారం పెట్టి వేపుకుని, వేడన్నంలో నెయ్యేసుకుని తిన్నాను. నవ్వుకోండి గానీ, ఆ ముద్ద రుచి తీర్థంలో దొరికిన ప్రసాదం లాగే ఉంది నాకు.

మావారి మోకాలు బాగయింది, స్కూటర్ మళ్ళీ తీస్తున్నారు. అయినా గురువారం గురువారం నేను రైల్లోనే వెళ్తున్నాను. "నేను దింపుతానుగా" అని నాలుగు వారాలు అన్నారు. ఇప్పుడు "రైలు వేళయింది, సంచీలు తీసుకున్నావా?" అంటున్నారు!

కొత్తగా వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. పెద్ద సంచీ ఒకటి కాకుండా చిన్నవి రెండు తీసుకెళ్ళండి, రెండు చేతులకీ బరువు సమానంగా పడుతుంది. మోయగలిగినంతే కొనండి, రైలు మెట్టు ఎత్తుగా ఉంటుంది. దుంపలు, దోసకాయలు ముందు కొని అడుగున వెయ్యండి. టమాటాలు, ఆకుకూరలు ఆఖర్న. చిల్లర విడిగా చిన్న పర్సులో ఉంచుకుంటే పెద్ద నోటు పదిమందిలో తియ్యక్కర్లేదు. తూచేముందు కాటా సున్నా చూపిస్తోందా అన్నది చూడండి. బెండకాయ కొస చిటుక్కున విరగాలి, సొరకాయలో గోరు ఇట్టే దిగాలి, వంకాయ తొడిమ పచ్చగా ఉండాలి. ఇంటికి రాగానే ఆకుకూరల కట్టలు విప్పి, పొడి నూలుబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు వాడవు.

గంగవాయిలి దొరికితే వదలకండి. కప్పు కందిపప్పుకి రెండు కట్టలు చాలు. కాడలకి మట్టి ఉంటుంది, మూడు నీళ్ళల్లో కడగండి. ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు వేసి పప్పుతో పాటే ఉడికించండి. ఆకులోనే పులుపుంది కాబట్టి చింతపండు ఒక్క రెబ్బ చాలు. ఉప్పు వేసి మెత్తగా ఎనిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దండిగా వెల్లుల్లితో తాలింపు పెట్టండి.

మీ ఊళ్ళో రైతుబజారు లేకపోతే వారం సంత ఉంటుంది, అంగడి ఉంటుంది. ఏదైనా ఫరవాలేదు. ఈసారి చీటీ రాసుకునేటప్పుడు ఇంట్లో వాళ్ళ కూరలన్నీ రాయండి, మానొద్దు. కానీ అన్నిటికంటే పైన, మొదటి వరసలో, మీకిష్టమైనది ఒక్కటి రాసుకుని మరీ వెళ్ళండి.