పట్టీ వెనుక నెమ్ము



ఈ వారం ధ్యానానికి లేవీయకాండము 14వ అధ్యాయం 33 నుండి 53 వరకు ఉన్న వచనాలు తీసుకున్నాం. ఏడాదిలో బైబిలు చదివి ముగించాలని మొదలుపెట్టిన చాలామంది ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి గబగబా పేజీ తిప్పేస్తారు. ఇంటి గోడలో పచ్చగానో ఎర్రగానో మచ్చ కనబడితే ఏం చేయాలో దేవుడు మోషే అహరోనులకు చెప్పిన సంగతి ఇది. ఇల్లు ఖాళీ చేయించాలి. ఏడు రోజులు మూసి ఉంచాలి. మచ్చ పట్టిన రాళ్లు ఊడదీసి, లోపలి గోడలు చుట్టూ గీకించి, వేరే రాళ్లు పెట్టి, వేరే అడుసు పూయాలి. గుడారాల్లో ఉన్నవాళ్లకు ఇంటి గోడల గురించి ఎందుకు చెప్పాడో అనిపిస్తుంది. చర్చి వెనుక ఉన్న ట్రైలర్ మరమ్మతు చేస్తున్నప్పుడు మాకు ఈ భాగం కొత్తగా అర్థమైంది.

ఆ ట్రైలర్ ఇక్కడి మీకందరికీ తెలుసు. ఇండియాలో ఉండి చదువుతున్న మన వారి కోసం కొంచెం చెబుతాం. ట్రావెల్ ట్రైలర్ అంటే పికప్ వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. అమెరికాలో తయారయ్యే వాటిలో ఎక్కువ భాగం మేమున్న ఉత్తర ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుండే వస్తాయి. రోడ్డు మీద వెళ్లేది కాబట్టి దాని వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటదు. అందుకే లోపల చోటు కోసం స్లైడ్-అవుట్ పెడతారు. ఒకచోట నిలిపాక స్విచ్ నొక్కితే, బీరువా సొరుగు లాగినట్టు, గోడలో ఒక భాగం సోఫాతో సహా రెండు మూడు అడుగులు బయటికి జరుగుతుంది. జరిగే గది కదా, చుట్టూ సందు తప్పదు. ఆ సందులో నీళ్లు దిగకుండా రబ్బరు సీళ్లు ఉంటాయి. లోపలివైపు కంటికి ఇంపుగా చెక్క ట్రిమ్ పట్టీలు ఉంటాయి. మా ట్రైలర్‌లో గదిని లాగే సన్నని ఇనుప కేబుళ్లూ, గొలుసూ, మోటారూ ఆ పట్టీల వెనుకే ఉన్నాయి.

వేసవిలో ఒక తెలుగు కుటుంబం అందులో దిగింది. భర్త ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులే గడువు. అద్దె ఇల్లు వదిలేసి, భార్యతో, నాలుగేళ్ల పాపతో వచ్చారు. ఈ సంగతులు రాయమని వారే చెప్పారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

లేవీయకాండములో ఇంటి యజమాని యాజకుని దగ్గరకు తానే వెళ్లి చెప్పాలి. ఏమని చెప్పాలో గమనించండి. నా ఇంట్లో ఫలానా తెగులు ఉందని తేల్చి చెప్పనక్కరలేదు. ఏదో ఉన్నట్టు నాకు అనిపిస్తోంది అంటే చాలు. తేల్చడం యాజకుని పని. ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆ చెల్లెలు వచ్చి అలాగే అంది: "అయ్యగారూ, సోఫా పక్కన మూల కాలికి మెత్తగా తగులుతున్నట్టుందండి." మూడు వారాలుగా అక్కడ చాప వేసి ఉంచిందట. ఉచితంగా ఇచ్చిన చోట వంక పెట్టినట్టు ఉంటుందని జంకింది. పాప రాత్రుళ్లు దగ్గుతోంది, పడుకునేది ఆ సోఫా మీదే. అందుకే నోరు విప్పింది.

రెండవ సంగతి. యాజకుడు లోపలికి వెళ్లి చూడకముందే ఇల్లు ఖాళీ చేయించమన్నాడు దేవుడు. ఆయన చూసి అపవిత్రమని చెప్పాక అయితే లోపలి సామానంతా అపవిత్రమవుతుంది. ముందే బయట పెడితే ఆ ఇంటివాళ్ల కుండలూ చాపలూ దక్కుతాయి. ధర్మశాస్త్రంలో ఎంత కనికరం ఉందో చూడండి! మేమూ మొదట వారి సామాను మా ఇంటికి మార్చాం. తల్లీబిడ్డలకు మా ఇంట్లో గది ఇచ్చాం. ఆ తరువాతే పనిముట్లు తీశాం.

ట్రైలర్ల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసిన మా పొరుగాయన వచ్చి పట్టీలు తీయడం నేర్పాడు. ముందు బ్యాటరీ తీగ విప్పించాడు. స్క్రూల మీద అతికించిన చిన్న బిళ్లలు గోటితో లేపి స్క్రూలు తీయించాడు. మిగిలిన చోట్ల సన్న మేకులు, పిన్నులు. సుత్తి పట్టుకోనివ్వలేదు. పుట్టీ బ్లేడు సందులో దూర్చి, మేకు ఉన్నచోటు వెతికి, అక్కడే కొంచెం కొంచెం లేపాలి. పట్టీ ఊడాక మేకును ముందు నుంచి కొట్టకూడదు, వెనుక నుంచి ప్లేయర్‌తో లాగేయాలి. అలా అయితే ముఖం పగలదు. ప్రతి పట్టీ వెనుక టేపు అంటించి నంబరు వేశాం. అదే పట్టీ మళ్లీ అదే చోటికి వెళ్లాలి.

పట్టీలన్నీ తీశాక కారణం కనబడింది. ఒక మూల కేబుల్ వదులైంది. దానివల్ల ఆ మూల పూర్తిగా బిగుసుకోవడం లేదు, రబ్బరు సీలు ఆనడం లేదు. వానకు నీళ్లు దిగి కింద చెక్కపొట్టు బోర్డు ఉబ్బి నల్లబడింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే తడి రొట్టెలో దిగినట్టు దిగింది. పైన పట్టీ మాత్రం కొత్తగా మెరుస్తూనే ఉంది.

ఆ నల్లటి మూల వైపు చూస్తూ ఆ సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, మా నాన్నకి ఇంకా చెప్పలేదండి," అన్నాడు. ఉద్యోగం ఉన్నట్టే ప్రతి నెలా దాచుకున్న దాంట్లోంచి ఇంటికి డబ్బు పంపుతున్నాడు. వీడియో కాల్‌లో ట్రైలర్ కనబడకుండా చర్చి గోడ దగ్గర కూర్చుని మాట్లాడుతున్నాడు. మేము ఉపదేశమేమీ చేయలేదు. కుళ్లిన బోర్డు కోసి తీస్తూ, ఆయన చెప్పినంతా విన్నాం.

ఆ రాత్రి ఫోన్ చేశాడు. తండ్రి కాసేపు మాట్లాడలేదట. తరువాత, "పాపకి దగ్గు తగ్గిందా? ఈ నెల డబ్బు పంపకు నాయనా," అన్నాడట.

చివరి సంగతి. రాళ్లు మార్చి పూత పూసినంత మాత్రాన పని అయిపోలేదు. యాజకుడు మళ్లీ వచ్చి చూడాలి. మేమూ కొన్ని రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టి, కొత్త ప్లైవుడ్ వేసి, కేబుల్ బిగించి, సీలు మార్చాం. వెంటనే పట్టీలు కొట్టలేదు. ఒకరు బయట గొట్టంతో నీళ్లు కొడుతుంటే, మిగతావాళ్లం లోపల టార్చి వేసుకుని మూల చూస్తూ కూర్చున్నాం. చుక్క కూడా దిగలేదు. అప్పుడే నంబర్ల ప్రకారం పాత పట్టీలనే బిగించాం.

ప్రియులారా, పట్టీ పాపం కాదు. ఇంటి మర్యాద కాపాడుకోవడం తప్పు కాదు. నెమ్ము ఉందని తెలిసీ దానిమీద పట్టీ కొట్టడమే ప్రమాదం. యెహెజ్కేలు 13లో గచ్చు పూసినవాళ్లను దేవుడు గద్దించింది అందుకే. అలాగని సంఘంలో ఒకరి పట్టీలు ఒకరం సుత్తితో ఊడగొట్టే హక్కు మనకు లేదు. బాగుచేసే ఉద్దేశం లేనివాడు తెరవకూడదు. తెరిచినవాడు తిరిగి బిగించే వరకు ఉండాలి. దేవుడు ఇల్లు పడగొట్టమన్నది మరమ్మతు తరువాత కూడా మచ్చ తిరిగి వస్తేనే. మచ్చ వ్యాపించకపోతే ఆ ఇల్లు పవిత్రమే, దాని కోసం ప్రాయశ్చిత్తం కూడా ఉంది. మన ప్రాయశ్చిత్తం క్రీస్తే. ఈ వారం మీ ఇంట్లో ఏ మూలైనా మెత్తగా అనిపిస్తే, నమ్మదగిన ఒక్కరితో "ఏదో ఉన్నట్టుంది" అని చెప్పండి. అంత చాలు.

ఆ సహోదరునికి ఉద్యోగం ఇంకా రాలేదు, గడువు దగ్గరపడుతోంది. పాప దగ్గు తగ్గింది. మీ కుటుంబ ప్రార్థనలో వారిని జ్ఞాపకం చేసుకోండి.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మేము కప్పిపెట్టినవన్నీ నీకు తెలుసు. తీయవలసినవి నీ చేతితో మెల్లగా తీయుము. మాలో కుళ్లినదాన్ని మార్చుము. ఒకరి గాయం ఒకరం జాగ్రత్తగా ముట్టుకునే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.