సేవ కాదు, ఉద్యోగమే

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఎమ్మెస్సీ చదివిన అమ్మాయిలు ఒళ్లో అట్ట పెట్టుకుని గ్రూప్-1 మెయిన్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌కి నోట్సు రాసుకుంటుంటారు. చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: సైన్సు వీళ్లకి సిలబస్‌గా అందింది, వృత్తిగా ఎందుకు అందలేదు?

తెలివి చాలక కాదు. పీహెచ్‌డీ అంటే ఏళ్లకేళ్లు పడుతుంది. ఫెలోషిప్పు వేళకి రాదు, ఇంట్లో పెళ్లి తొందర, ఇంగ్లీషంటే బెరుకు. దారి చెప్పేవాళ్లూ ఉండరు.

పక్కనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో ఆడపిల్లలకు తెలుగులో చెప్పే బడి పెట్టారు. ఉస్మానియాలో అప్పుడు ఉర్దూ మాధ్యమం. అందుకని పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. పిల్లల్ని మార్చలేదు, ఏర్పాటు మార్చారు.

ల్యాబుల్లో పనిచేసే మేమిప్పుడు ఊరిబడిలో తెలుగులో పాఠం చెప్పొస్తే ‘మంచి సేవ’ అని మెచ్చుకుంటారు, ప్రమోషన్ దగ్గర మాత్రం పరిశోధన పత్రాలే లెక్కపెడతారు. జనం సొమ్ముతో నడిచే ల్యాబుకి అది సేవెలా అవుతుంది? ఉద్యోగంలో భాగమే. ఉపన్యాసాలు తగ్గించినా ఫర్వాలేదు, వేసవిలో రెండు నెలలు ఇలాంటి అమ్మాయిలకి స్టైపెండిచ్చి ల్యాబులో చోటివ్వాలి.