ఎవరి వగరు?

దగ్గు పట్టుకుంటే మా అమ్మమ్మ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనేది. నోరంతా బిగుసుకుపోయేది. కాయలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడం వల్లే ఆ వగరు. ఇప్పుడు ఆ టానిన్లను కొలవడమే నా పని.

కరక్కాయ, తానికాయ, తెల్లమద్ది మూడూ టెర్మినాలియా ప్రజాతి చెట్లే. కరక్కాయ, తానికాయలతో కలిసి త్రిఫల అయ్యే ఉసిరి కుటుంబమే వేరు. కాయలుగా ఉన్నప్పుడు కరక్కాయనీ తానికాయనీ ఎవరైనా గుర్తుపడతారు. పొడి అయ్యాక కన్ను చాలదు.

గింజ తీసేసి, పెచ్చు ఎండబెట్టి, దంచి, జల్లించి, నీళ్లు కలిపిన మిథనాల్‌లో నానబెట్టి వడపోస్తాం. ఆ సారంలో ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నీలినలుపు కమ్ముకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం పులిసిన నీళ్లతో గీసిన గీత నల్లబడేదీ ఇందుకే. ఇనుమూ టానినూ కలిస్తే నలుపు. ఆ చుక్క వేసిన ప్రతిసారీ ఆ కళాకారుల చేతులు గుర్తొస్తాయి.

తర్వాత ఫోలిన్-సియోకాల్టో పరీక్ష. పసుపు ద్రావణం టానిన్ల లాంటి ఫినాల్స్ తగిలి నీలంగా మారుతుంది. 765 నానోమీటర్ల దగ్గర ఆ నీలం ఎంత చిక్కగా ఉందో చదివి, ‘ఇంత గాలిక్ ఆమ్లానికి సమానం’ అని రాస్తాం. అయితే ఏ ఫినాల్ వల్ల వచ్చిందో ఆ నీలం చెప్పదు. విటమిన్ సి ఉన్నా అదే రంగు వస్తుంది.

అందుకే పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ. సారం కాలమ్‌లోంచి పోతుంటే ఒక్కో పదార్థం తన సమయానికి బయటికొచ్చి తెర మీద ఒక్కో శిఖరంగా లేస్తుంది. గాలిక్ ఆమ్లం ముందే వచ్చేస్తుంది. కరక్కాయకు ముఖ్యమైన చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాలు చాలాసేపటికి వస్తాయి. వాటి అణుభారాలు సుమారు 954, 956. తేడా రెండు హైడ్రోజన్లే. అయినా కాలమ్ వాటిని విడదీస్తుంది.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో కరక్కాయ కషాయాన్ని సెగ మీద చాలాసేపు ఇంకబెట్టాను. మొత్తం ఫినాల్స్ అంకె బాగానే వచ్చింది. తెర మీద గాలిక్ ఆమ్లం శిఖరం అంతెత్తున లేచింది. మంచి కాయలు దొరికాయని సంబరపడ్డాను. మా మేడమ్ గ్రాఫ్ చివరివైపు వేలు పెట్టి, “చెబులినిక్ ఏదమ్మా? ఇది కాయ చెప్పిన మాట కాదు, నీ పొయ్యి చెప్పిన మాట” అన్నారు. వేడినీటిలో పెద్ద టానిన్లు విరిగి గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలుగా మారిపోయాయి. ఆ వారం పనంతా మళ్లీ మొదటినుంచి చేశాను.

అప్పట్నుంచి ప్రతి సీసా మీద కాయ ఎప్పుడు కోశారు, నీడలో ఎండిందా ఎండలోనా, ఏ ద్రావణిలో ఎన్ని గంటలు, ఎంత వేడి అన్నీ రాస్తాను. అవి లేకుండా రెండు చెట్లను పోలిస్తే, మన పని పద్ధతులను పోల్చి చెట్ల తేడా అనుకున్నట్టే. ‘ఫినాల్స్ ఎక్కువ, కాబట్టి మందు మేలు’ అంటూ ఎవరైనా ఒక్క అంకె చూపిస్తే, ఆ వగరు ఎవరిదో చూపించే గ్రాఫ్ కూడా పెట్టమంటాను.