అద్దె కొంపల కథలు – 7: ఫ్లాటూ ఆయనే, లోనూ ఆయనే

"మీరేమిట్లు?" అని అడగని మొదటి మనిషి ఆయన. అందుకే నమ్మిన.

పోయిన భాగంలో ఓనరమ్మ సంగతి రాసిన కదా. ఎండుచేపల వాసనకు మూడు రోజుల్లో ఖాళీ చేయమన్న ఆమె. ఆ రాత్రే అనుకున్నం, ఇగ అద్దె వద్దు, అప్పో సప్పో చేసి ఒక ఫ్లాటు కొందామని. 1917లో బరోడాలో ఇల్లు దొరకక పార్సీ సత్రంలో తలదాచుకున్న బాబాసాహెబును కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టిన్రు. ఆయనకు కొలంబియా చదువుండె. నాది బీఈడీ. నన్ను వాట్సాప్ మెసేజ్‌తోనే పంపిస్తున్నరు, అంతే తేడా.

మా స్కూల్ టీచరే ఏజెంటు నంబరు ఇచ్చింది. ఆయన బైకు మీద వచ్చి నా జీతం స్లిప్పు చూసిండు, నవ్విండు. "మేడమ్, నా దగ్గర ఆ ప్రశ్నలుండయి. ఈ స్లిప్పే మీ కులం" అన్నడు. మా ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయి. అట్లాంటి మాట ఎంత చౌకగా మనల్ని కొనేస్తదో ఇప్పుడు రాస్తుంటే సిగ్గయితున్నది.

ఊరి అంచున నాలుగంతస్తుల బిల్డింగు. ఎనిమిది ఫ్లాట్లు. మాది రెండో అంతస్తు, 48 లక్షలు. "ఎనిమిదే గనక రెరా అక్కర్లేదు మేడమ్" అన్నడు. అది నిజమే, 2016 చట్టంలో ఎనిమిదికి మించని వాటికి మినహాయింపు ఉన్నది. లక్ష టోకెన్ ఇచ్చినం.

ఇగ లోను. జీతం పడే బ్యాంకులో అడుగుదామంటే వద్దన్నడు. "గవర్నమెంటు బ్యాంకోళ్లు తిప్పుతరు. నా చేతిల హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఉన్నది. నాలుగు రోజుల్ల శాంక్షను. లీగల్, వాల్యుయేషన్, డాక్యుమెంట్ రైటరు, అన్నీ నేనే చూసుకుంట. మీరు సంతకానికి రండి చాలు."

నిజంగనే నాలుగు రోజుల్ల వచ్చింది. 38 లక్షలు, 20 ఏండ్లు, 9.75 శాతం.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఫ్లాటుకూ లోనుకూ ఒక్కడే మనిషైతే తప్పని నేను అనను. మనకు అది ఎంత ఊరటనో తెలుసు. కొన్ని కులాలోళ్లు ఇల్లు కొంటే బ్యాంకుల మేనమామ ఉంటడు, కోర్టుల బావమరిది ఉంటడు, రిజిస్ట్రార్ ఆఫీసుల నాయన దోస్తు ఉంటడు. వాళ్లు డబ్బులియ్యకుండ అడిగి తెలుసుకునేది మనం కమీషనిచ్చి తెలుసుకుంటం. వాళ్లకు బంధువులున్న కాడ మనకు ఏజెంటున్నడు.

బ్యాంకుల క్లర్కు చేసే మా పిన్ని కొడుకు శాంక్షను లెటరు చూసిండు. "అక్కా, మా దగ్గర నీ జీతానికి ఇయ్యాల 8.5 ఉన్నది" అన్నడు. లెక్క కట్టినం. వాళ్లకు నెలకు 36,000 పైచిలుకు, బ్యాంకుకైతే 33,000. 20 ఏండ్లకు తేడా ఏడు లక్షలు దాటుతున్నది. పైన ఇన్సూరెన్సు పేరుమీద లోనులోనే కలిపిన ఇంకొక లక్షన్నర. అది తప్పనిసరి కాదని నాకెవరూ చెప్పలే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల ఫ్లోటింగ్ ఇంటి లోన్లను రెపో రేటు లాంటి బయటి కొలతకు కట్టెయ్యాలె. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నియమం లేదు, వాళ్ల రేటు వాళ్లే చెప్తరు.

తమ్ముడు ఇంకొకటి అడిగిండు. "ఆయనకు పైసలిచ్చేది ఎవరక్కా?"

మేము ఇస్తున్నం, ఒక శాతం. బిల్డరు ఇస్తడు. లోను కంపెనీ ఇస్తది. మూడూ రిజిస్ట్రేషన్ అయితేనే వస్తయి. "ఈ ఫ్లాటు కొనకు" అని చెప్తే ఆయనకు మూడు దిక్కులా నష్టమే. మరి ఆ మాట చెప్పేటోడు ఎవరు?

లింకు డాక్యుమెంట్లు కావాలన్న. వారం తిప్పిండు. ఫోన్లో ఫొటోలు పంపిండు, కొన్ని పేజీలు లేవు. గట్టిగ అడిగితే జిరాక్సు తెచ్చిండు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటుల నిషేధిత ఆస్తుల జాబితాల కొట్టి చూసిన. ఉన్నది. "మన బిట్టు వేరు మేడమ్, దాని కింద బై నంబరు మనది" అన్నడు. కంపెనీ లాయరు పాస్ చేసిండన్నడు. ఆ లాయరుకు పని ఇప్పించేది ఎవరో అప్పటికే నాకు తెలుసు.

కట్ట పట్టుకొని జీతం బ్యాంకుకు పోయిన. వాళ్ల లాయరు పన్నెండు రోజులు తీసుకున్నడు. ఒక పేజీ రాసిచ్చిండు: ఇది 1970ల నాటి లావణి పట్టా, అసైన్డ్ భూమి, 1977 నాటి 9వ నంబరు చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు, లోను ఇయ్యలేం.

ఆ రాత్రి లింకు డాక్యుమెంట్లు మళ్లీ మొదటి నుంచి చదివిన. అట్టడుగున ఒక పాత కాగితం. అమ్మినాయన పేరు మా తాతల పేర్ల తీరుగనే ఉన్నది. పక్కన సంతకం లేదు. ఎడమ బొటనవేలి ముద్ర.

అమ్మకు చూపించిన. అమ్మకు చదువు రాదు. ముద్ర మీద వేలు పెట్టి, "ఎంతకిచ్చిండు?" అన్నది. ఎకరం నాలుగు వేలని చదివి చెప్పిన. "గంతేనా" అని లేచి పోయింది. మా నాయనకు కూడ ఎకరంన్నర లావణి పట్టా ఉండె. అది ఎట్ల పోయిందో అమ్మ ఎప్పుడూ చెప్పదు.

ఏజెంటుకు ఫోన్ చేసి వద్దన్న. మంచిగనే మాట్లాడిండు మొదట. ఇప్పటికే ఆరుగురు దిగిన్రు, ఎవరికేం కాలేదు, రెగ్యులరైజేషన్ వస్తదన్నడు. నేను ఒప్పుకోలే. "ఆ భూమి ఎస్సీలదైతే మీకేంది మేడమ్, ఆ ఖాందానే ఊర్ల లేదు" అన్నడు. నేనేం మాట్లాడలే. ఫోన్ల కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగిండు.

"మేడమ్, ఇంతకూ మీరేమిట్లు?"

చెప్పిన.

"ముందే చెప్పుంటే ఈ ఫ్లాటు చూపించకపోతుంటి కదా" అన్నడు.

టోకెన్‌ల అరవై వేలు వచ్చినయి. నలభై రావాలె. ఫోన్ ఎత్తుతలేడు. ఆ పాత కాగితం జిరాక్సు నా సర్టిఫికెట్ల ఫైల్ల పెట్టుకున్న. ఆ ఊరికి పోయి ఆ ఇంటి పేరోళ్లు ఎవరన్న ఉన్నరేమో అడగాలనుకుంటున్న. దసరా సెలవులల్ల అమ్మ కూడ వస్తనంటున్నది.

(ఇంకా ఉంది)