మెట్టవారి ఋణము

మా యూరు చిలకలూరిపేట చెంత నల్లరేగడి నేలలో నున్నది. అచటికి సముద్రము సుమారు 50 కిలోమీటర్ల దూరము. సముద్రముతో మాకు పని లేదని మావారి తలంపు. తుపాను వార్త వచ్చినప్పుడు కళ్లములో నారబోసిన మిరపకాయలపై పట్టలు కప్పుకొందుము. ప్రత్తి తడిసిపోవునేమోయని మబ్బువంక చూతుము. గాలి తగ్గిన పిదప తీరమువారికై బియ్యమును, బట్టలును పోగుచేసి పంపుదుము. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను, రేపల్లె, నిజాంపట్నము తీరగ్రామములను ముంచినప్పుడు మా యూరివారు బియ్యము పంపిరని మా నాయనమ్మ పలుమారు చెప్పెడిది. సుమారు 10,000 మంది ప్రాణములు గొన్న యుపద్రవమది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినప్పుడును మేము తోచినది పంపితిమి. పంపుట మంచిపనియే, కాని దానిని మేము దానమనుకొనుచుంటిమి. అది దానము కాదనియు, ఎన్నడో పడిన బాకీలో నొక చిన్న వాయిదా యనియు నాకు నలువదియేండ్లు దాటిన పిదపగాని తెలియలేదు.

తెలిసిన విధము చెప్పెదను. 1993లో మాకు మిరప బాగుగా పండినది, ధరయు పలికినది. మా తండ్రిగారు గుంటూరు యార్డునుండి తెచ్చిన సొమ్ముతో నిజాంపట్నము ప్రాంతమున నొక యుప్పుటేటి యొడ్డున నాలుగెకరముల పట్టాభూమి కొని రొయ్యల చెరువు త్రవ్వించిరి. నాకప్పుడు పండ్రెండేండ్లు. ఆ దినములలో తీరమంతట నదే జ్వరము. టైగర్ రొయ్య విదేశములకు పోవుచుండెను. దాని లాభము విన్న మెట్టరైతునకు ప్రత్తిచేను మొగము చూడ బుద్ధి పుట్టకుండెను. మేము కొన్న భూమి నడుమనుండి యొక సన్నని పాయ లోపలికి పోవుచుండెను. చెరువుగట్టు సూటిగా రావలెనని దానిని మట్టితో మూయించిరి. ఆ పాయ వెనుక కొంత మడ యడవి యుండెను.

కాపలాకు కుదిరిన యానాది యువకుడు చేతులు కట్టుకొని, "అయ్యా, పాయ మూస్తే ఎనకాల మడ చచ్చిపోద్దయ్యా. ఒక తూమన్నా పెట్టించండి" అని వేడుకొనుట నాకు బాగుగ జ్ఞాపకమున్నది. మా తండ్రిగారు నవ్వి, "ఉప్పు పర్రలో నీళ్లకేం కరువురా!" అనిరి. నేనును నవ్వితిని.

మొదటి పంట గిట్టినది. రెండవ పంటకు తెల్లమచ్చల వ్యాధి వచ్చినది. 1994-95 ప్రాంతమున ఆంధ్రతీరమందలి చెరువుల నెన్నింటినో పాడుచేసిన తెగులది. ఒక ఉదయమున రొయ్యలన్నియు చచ్చి తేలియుండెను. మిరపసొమ్ము పోయి, పైన నప్పు మిగిలినది. మా తండ్రిగారు మరల నాచోటికి పోలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరమునకు సమీపముననున్న యిట్టి చెరువులను తొలగింపవలెనని తీర్పు చెప్పినప్పుడు, "ముందే చెప్పి యుంటే మన డబ్బు మిగిలేది" అనిరి. ఆ తీర్పు మా డబ్బును గూర్చినది కాదని మాలో నెవ్వరికిని తోచలేదు.

2020లో మా తండ్రిగారు స్వర్గస్థులైరి. ఆస్తి పంచుకొనుచుండగా నీ పట్టా కాగితము పెట్టెలో దొరికినది. వెంటనే కొనుగోలుదారుడును దొరికెను. ఇప్పుడు వెనామీ రొయ్యకు గిరాకీ. పాత చెరువు గట్టులు సరిచేసి మరల నీరు నింపుదురట. వచ్చిన ధర మంచిదే. నేనును మా తమ్ముడును భూమి చూచివత్తమని పోయితిమి.

చెరువు వెనుక మడ యడవి లేదు. తెల్లని పర్ర యున్నది. నేల పగిలి, ఉప్పు పొరలుగా లేచి, ఎండలో కన్ను నిలువకుండెను. నడుమ నడుమ నెండిన మొద్దులు మాత్రము మిగిలియుండెను. నాటి కాపలావాడు మమ్ము గుర్తించి వచ్చెను. తల నెరసినది. నేను "మీరు బాగున్నారా?" అని యడుగగా, వెనుక నెవరైన నిలుచున్నారేమో యని తిరిగి చూచెను. ముప్పదియేండ్లలో మా యింటివారు ఆయనను మన్నించి పిలిచిన మొదటి పిలుపు అదియే యనుకొందును.

ఆయన మమ్ము నిందింపలేదు. ఆ పాయలో పూర్వము తనవారు నడుములోతు నీటిలో చేతులతో తడివి చేపలను, పీతలను పట్టెడివారని చెప్పెను. పాయ మూసిన పిదప ఆడువారు ఆ పనికి మరియొక పాయకు పోయి, మధ్యాహ్నము దాటి తిరిగి వచ్చుచుండిరి. పడవయు, వలయు కొనలేని కుటుంబములకు ఆ పాయయే పొలము. మేము మా పొలము గట్టు సూటిగా వేసికొనుటకు వారి పొలమును కప్పివేసితిమి. తుదకాయన యన్న మాట యిది: "అమ్మినా అమ్మకపోయినా మీ ఇష్టం చినబాబుగారూ. గండి మాత్తరం కొట్టించండి. నీళ్లు వచ్చి పోతుంటే చెట్టు దానంతటదే వస్తది."

ఇంగ్లీషు, సంస్కృతములు చదివి బడిలో పాఠము చెప్పు నాకు ఈ మాట యర్థమగుటకు మరల పుస్తకములు వెదకవలసి వచ్చెను. ఆయన చెప్పినదియే వానిలోనున్నది. మడచెట్టు ఉప్పునీటిలో బ్రతుకునుగాని నిలువనీటిలో బ్రతుకదు. దినమునకు రెండుమారులు పోటు వచ్చి నేలను తడుపవలెను. రెండుమారులు ఆటుతో నీరు తీసిపోవలెను. నీరు తీసినప్పుడే బురదనుండి మేకులవలె పైకి లేచిన ఊపిరివేళ్లు గాలి పీల్చుకొనును. పోటు రాకున్న నేల యెండి, ఉప్పు పేరుకొని, ఉప్పునకలవాటుపడిన చెట్టు సహితము సహింపలేనంత యగును. ఆటు లేకున్న వేళ్లు మునిగి ఊపిరాడక చచ్చును. మా గట్టు రాకపోకలు రెంటిని నాపినది.

మా గట్టొక్కటియే కాదు. వెనుకటి కాలమున మడ యడవులను వంతులుగా నేలమట్టము నరికెడివారు. నీడ పోయిన బురదనేల యెండి క్రుంగి పళ్లెమువలె నగును. పెద్దపోటునాడు దానిలో చొచ్చిన నీరు మరల పోలేదు; ఎండకు మరిగి ఉప్పు మిగులును. అచట నెన్ని మొక్కలు నాటినను దక్కవు. 1990 దశాబ్దపు చివరినుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును, అటవీశాఖవారును తీరగ్రామ ప్రజలతో గలిసి కృష్ణా, గోదావరి మడ యడవులలో ముందు కాలువలు త్రవ్విరి. ఏటినుండి యొక తల్లికాలువ, దానినుండి ఇరుప్రక్కల నేటవాలుగా పిల్లకాలువలు; పైనుండి చూచిన చేప వెన్నెముకయు ముండ్లును వలె నుండును. నీరు వచ్చిపోవుట మొదలైన పిదప వానచినుకులు ఉప్పును కడిగినవి. తెల్లమడ మొక్కలు నిలిచినవి. మొక్కకంటె ముందు నీటికి దారి కావలెనని దీని సారాంశము. 2023 జూన్ 5న కేంద్రప్రభుత్వము మడ యడవుల పెంపకమునకు 'మిష్టీ' యను పథకము ప్రారంభించినది. సంతోషమే. కాని నాటిన మొక్కల లెక్కయే పని లెక్కయైనచో పర్రలో మొక్కలు పాతిపెట్టి ఫోటోలు తీసికొని పోవువారికి కొరత యుండదు. పోటు ఎంత దూరము వచ్చినది, మూడేండ్లకు ఎన్ని మొక్కలు మిగిలినవి, ఆ పాయలో చేయి పెట్టి బ్రతుకువారి నడిగితిరా యని విచారింపవలెను.

చెరువు నమ్మినను మానినను మెట్టవారి బాకీ యింతతో తీరదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితోనే మా ప్రత్తియు, మిరపయు, నా చదువును. ఆ నీటిని శపింపజాలను. శపించిన కృతఘ్నత యగును. కాని నీరు మాకు వచ్చినప్పుడు దానితో వచ్చు మట్టి యెక్కడికి పోయినదో మేమడుగలేదు. డెల్టా యనగా నది తెచ్చిన ఒండ్రు. సముద్రము ప్రతిదినము కొంత కోసికొని పోవుచుండును. నది కొంత తెచ్చి వేయుచుండును. 1966-69 నడుమ కృష్ణ సంవత్సరమునకు సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చుచుండగా, 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు దిగినదని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిరి. తక్కినది ఆనకట్టల వెనుక నిలిచినది. తెచ్చుట తగ్గినను సముద్రము కోయుట మానదు గదా! తీరమున నొకని యిల్లు కోతకు గురియైనప్పుడు ఆ యింటి పునాదిమట్టిలో మా పొలము పాలు కొంత యున్నదనుట యతిశయోక్తి కాదు.

పంపవలసిన మట్టిని పంపకపోగా, పంపకూడనిదానిని పంపుచున్నాము. ప్రత్తికిని మిరపకును మేము చల్లు మందులలో వానకు కడుగుకొనిపోవునది ఓగేరు, కుప్పగంజి వాగులలో బడి నల్లమడ వాగున చేరి, బాపట్ల ప్రాంతమున సముద్రమును కలియును. నల్లమడ యనునది ఒక మడచెట్టు పేరు కూడ. 2022లో జిల్లాలు విడిపోయి మేము పల్నాడువారమును, తీరమువారు బాపట్లవారును అయితిమి. వాగునకు ఆ హద్దు లేదు.

ఇంటికి వచ్చి గండి మాట చెప్పగా మా తమ్ముడు, "నీ సగానికి కొట్టుకో అన్నయ్యా. నా సగం అమ్ముకుంటాను. పిల్ల ఇంజనీరింగు ఫీజు ఎవరు కడతారు?" అనెను. అతని మాటలో తప్పు లేదు. కాని నీటికి సగము గండి యుండదు. ఆరునెలలు తర్జనభర్జనలైనవి. తుదకు కాలువక్రింది నా వాటాలో ముప్పాతిక యెకరము మిరపచేను అతనికి వ్రాసియిచ్చి, చెరువు నాలుగెకరములును నేను తీసికొంటిని. నా భార్య, "మామయ్యగారి బాకీలు ఇంకెక్కడైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, ఒక్కసారే ఏడుస్తాను" అనెను. ఆమె కోపమును న్యాయమైనదే. మా కుమార్తె చదువునకు పనికివచ్చు చేనది.

అధికారులకు తెలిపి, 2022 వేసవిలో గట్టు రెండుచోట్ల తెగగొట్టించి, పాత పాయ జాడ వెంబడి కాలువ తీయించితిని. జాడ చూపినవాడు ఆయనయే; కూలి తీసికొని పనిచేసినవారు ఆయన కుటుంబమువారే. మొదటి పౌర్ణమిపోటునకు నీరు వచ్చెను, పోయెను. ఆ యేడు ఏమియు మొలవలేదు. నేను మోసపోయితినని కూడ ననుకొంటిని. మరుసటి వానలకు ఇలకూర యెఱ్ఱగా పరచుకొనెను. ఆ పిమ్మట ఏటిలో తేలివచ్చిన తెల్లమడ గింజలు కాలువ గట్టున పట్టుకొనెను. కొన్నింటిని మేకలు తినెను. మిగిలినవి మోకాలియెత్తు కాలేదు. పీతలు మాత్రము వచ్చినవట. ఆ మాట ఆయన కోడలు చెప్పెను.

నాలుగెకరముల గండితో తీరము నిలువదు. ఈ సంగతి నాకు తెలియును. నదిలో మంచినీరును ఒండ్రును కొంతయైన సముద్రమువరకు పోనిచ్చు నేర్పాటు ప్రభుత్వములు చేయవలసినది. వాగులోనికి మందు పోకుండ చూచుట మా రైతుల పని. పాయలపై యానాదులకును బెస్తలకును గల హక్కును కాగితముమీద వ్రాయించుట చదువుకొన్నవారి పని. వీనిలో నే యొక్కటియు దానము కాదు. మనము పితృఋణమనగా శ్రాద్ధముతో తీరునది యనుకొందుము. తండ్రి విడిచిన చేను తీసికొన్న కొడుకు, తండ్రి మూసిన పాయను కాదనుటకు వీలులేదు. ఆ దినమున నేనును నవ్వితిని గనుక నా పద్దులో నది రెండుమారులు వ్రాయబడియున్నది. ఒకమారు తీర్చుటకే యింకను చాలకాలము పట్టునట్లున్నది.